అల్లుడి పొట్టలో

"ఇక చాలమ్మా, దాని పొట్టలో మా అత్తగారి ఉంగరమేమీ దొరకదు" అన్నాడు బావ.

చేపల శాఖ మేడమ్ వినిపించుకోలేదు. పడవలోనే కూర్చుని, నేను వలలోంచి తీసిచ్చిన పరాయి చేపలను కోసి, అవి ఏం తిన్నాయో చూస్తోంది. ఎవరో ఎప్పుడో తెచ్చి వదిలిన ఆ చేపలు మా ఏటిని ఊడ్చి తినేశాయి. బావ వాటికి అల్లుళ్లని పేరు పెట్టాడు. మా చెల్లెల్ని చేసుకుని మా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి పెట్టాల్సిన పేరే.

ఏటి సొంత చేపలను కాపాడ్డానికి మూడేళ్లుగా వాటిని పడుతున్నాం. మా ఎర్రతోక చేప మాత్రం ఒక్కటీ వలకు తగల్లేదు. ఈరోజూ కనబడకపోతే, ఎర్రతోక ఇక లేదని మేడమ్ రాసేస్తుంది. వల పనీ ఆగిపోతుంది.

"ఆఖరిది" అని అందించాను.

కోసింది. గభాలున లేచింది. పడవ ఊగింది.

"పెద్దాయనా, చూడండి!" అంది నాతో.

ఆమె అరచేతిలో వేలెడంత చేప. సగం అరిగిపోయింది. తోక మాత్రం ఎర్రగా ఉంది.

"చచ్చినదాన్ని చూసి ఇంత సంబరమా?" అన్నాడు బావ.

"ఎంతుందో చూడు బాబాయ్! ఈ ఏడు పుట్టిన పిల్ల" అంది మేడమ్.

పొద్దుటినుంచి ఇంటికి పోదామంటున్న బావ తెడ్డు అందుకుని పడవను నడి ఏటికి తిప్పాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"పిల్ల ఉందంటే తల్లి ఉన్నట్టేగా బావా. ఆ అత్తగారిని కూడా మింగకముందే మిగతా అల్లుళ్ల పని పట్టొద్దూ?"