భుజం దాకా లేచిన చెయ్యి

గడప దాటగానే ఉష ఆగిపోయింది. మగ్గం పక్కన మంచం మీద మల్లేశం. చచ్చుబడిన ఎడమ చేతికి భుజం నుంచి వేళ్ల దాకా ఎండిన నెత్తురు, దానికి అతుక్కున్న ఈకలు, పైన ముసిరిన ఈగలు.

"ఏందమ్మా ఇది?" చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"పావురం నెత్తురు మేడమ్. వేడివేడిది రుద్దితే పచ్చవాతం పోతదట. ఇరవై ఒక్క దినాలు తానం చేయించొద్దన్నడు కాటమయ్య," అంది అతని భార్య సుభద్రమ్మ, విసనకర్రతో ఈగలు తోలుతూ. వాకిట్లో గంప కింద రేపటి పావురం రెక్కలు కొట్టుకుంటోంది.

ఆ కాటమయ్య ఎవడో గానీ, వాడి నోట్లో మన్నుపడ, అనుకుంది ఉష. మెదడులో నరం చిట్లినవాళ్లకు లోపలి వాపు తగ్గించే కొత్త మందు మీద డాక్టర్ అశోక్‌కుమార్ పరిశోధన చేస్తున్నాడు. ఆ మందు తీసుకున్నవాళ్లు మూడు నెలలకు ఎంత కోలుకున్నారో ఇళ్లకు వెళ్లి రాసుకోవడం ఆమె పని.

"కాకా, ఆ చెయ్యి లేపు జర."

చెయ్యి వణుకుతూ భుజం దాకా లేచింది. కంపు భరించలేక ఉష ఊపిరి బిగబట్టి రాసుకుంది.

"చూసినవా మేడమ్? నెత్తురు మహిమ."

"మహిమ లేదు, మన్ను లేదు. అది మా మందు. బీపీ గోళీలు ఏస్తున్నవా?"

"బంద్ పెట్టినం. రెండూ ఒకదానికొకటి పడవన్నడు."

ఉష రాయడం ఆపింది. బీపీ పెరిగి మళ్లీ నరం చిట్లితే మనిషి దక్కడు. అసహ్యం దిగమింగుకుని ఎంత బతిమాలినా సుభద్రమ్మ మెత్తబడలేదు.

"నువ్వు చిన్నపిల్లవు మేడమ్. పెద్ద సారును చెప్పమను, ఇప్పుడే ఏస్త."

అదే మేలనుకుని ఉష డాక్టరుకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది.

"సార్, రామన్నపేట మల్లేశం చెయ్యి భుజం దాకా లేపుతున్నడు. కానీ వీళ్లు పావురాలను కోసి నెత్తురు రుద్దుతున్నరు. బీపీ గోళీలు బంద్ పెట్టిన్రు. మీరన్నా జర చెప్పండి."

సుభద్రమ్మ గోళీల డబ్బా మూత తీసి పట్టుకుంది.

"భుజం దాకానా?" అన్నాడు డాక్టరు అవతలి నుంచి.

"అవును సార్."

డాక్టరు గొంతు తగ్గించాడు.

"ఉషా, ఎవరితోని అనకు. ఆ పావురాలాయన నంబరు తీసుకొనిరా. మన మందు ఎంత ఎక్కించినా మా నాయిన చెయ్యి ఇంచు గూడ లేస్తలేదు."