పెట్టెలో సవతి

దేవుడు చేసిన ముఖాన్ని మనిషి దిద్దవచ్చా అన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. టచింగ్ మాస్టారికి మాత్రం అలాంటి అనుమానాలేవీ ఉండేవి కావు. ముప్పై అయిదేళ్లు ఫొటో స్టూడియో వెనక గదిలో కూర్చుని, నెగెటివ్‌ల మీద సూదిలా చెక్కిన పెన్సిలుతో ఊళ్లో ముఖాలన్నీ దిద్దారు. ఏ ముడతా, ఏ మొటిమా, ఏ గాటూ ఆయన్ని దాటి గోడ ఎక్కలేదు. జనం తమవి కాని ముఖాలు చూసుకుని మురిసిపోయి, ఫ్రేములు కట్టించుకుని వెళ్లేవారు.

ఇప్పుడు స్టూడియో లేదు. మాస్టారి చేయి వణుకుతోంది. కొత్తగా దిగిన అద్దె ఇంట్లో, హాలు గోడకి ఒక్కటంటే ఒక్క మేకు కొట్టుకోమన్నాడు ఇంటి యజమాని. ఆ మేకుకి తన పెళ్లి ఫొటో తగిలించాలని మాస్టారి కోరిక.

భార్య ససేమిరా అంది. ఎప్పటిలాగే ఎడమ చెంప అరచేతికి ఆనించుకుని లోపలి గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"ఆ మహాతల్లిని పెట్టెలోనే ఉండనివ్వండి. ఇన్నేళ్లూ అక్కడే సుఖంగా ఉంది."

"పాత ఫొటో. దాని మీద పగేమిటి?"

"ఫొటో మీద కాదు, ఆవిడ మీద. మీ మనసులో ఉన్నది ఆవిడే. నాతో సర్దుకుపోయారు, అంతే."

"మళ్లీ మొదలుపెట్టావూ?"

"వచ్చినవాళ్లు ఆవిడనీ నన్నూ మార్చి మార్చి చూస్తుంటే నేను టీలు అందించాలా? ఆవిడ ఆ మేకెక్కిన రోజున నేనీ గది గుమ్మం దాటను. మీరు నాకో బాకీ ఉన్నారు. ముందది తీర్చండి."

ఆ బాకీ ఏమిటో మాస్టారికి తెలుసు. ఇంతకాలం నవ్వి ఎగ్గొడుతూ వచ్చారు. ఈసారి నవ్వు రాలేదు.

మర్నాడు ఫొటో సంచిలో పెట్టుకుని కంప్యూటర్ల షాపుకి వెళ్లారు.

"ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కావాలి. చవగ్గా ఉండాలి, సులువుగా ఉండాలి. ఒక్క పని చేస్తే చాలు."

షాపాయన ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. చవక అన్న మాట విన్నాక కుర్చీ చూపించలేదు. ఫొటోని కంప్యూటర్లోకి ఎక్కించి, షాపులో అన్నిటికంటే ఖరీదైనదాన్ని తెరిచాడు.

"దీనికి నెలనెలా కట్టాలి మాస్టారూ."

"ఇల్లంటే అద్దెది. ముఖాలు కూడా అద్దెకేనా?"

షాపాయన వినిపించుకోలేదు. తెర మీద పెళ్లికూతురు అద్దంలా మెరుస్తోంది. "అబ్బో, ఎవరండీ ఈవిడ?"

"ఇంట్లో గొడవంతా ఈవిడతోనే. మా ఆవిడకి గిట్టదు."

"మొదటి భార్యగారా?"

"మా ఆవిడ అలాగే అంటుంది."

షాపాయన కన్ను గీటాడు. "అర్థమైంది. ఈవిడని తీసేసి, ఆవిడని పెట్టాలి."

"సరిగ్గా చెప్పారు."

"ఇలాంటివి దీనికి మంచినీళ్లు తాగినంత తేలిక. కళ్లు పెద్దవి చేస్తుంది, ముక్కు సన్నం చేస్తుంది, ఏడుస్తున్నవాడిని నవ్విస్తుంది. తప్పు కనిపిస్తే మనం అడక్కుండానే దిద్దేస్తుంది."

"ఏది తప్పో దానికెవరు చెప్పారు?"

"దానికే తెలుస్తుంది. తెలివైనది."

"అదే దాని జబ్బు," అన్నారు మాస్టారు. "నాకూ ఉండేది."

షాపాయన విసుగ్గా ఉచితంగా వచ్చేదొకటి తెరిచాడు. అది పెళ్లికూతురి నుదుటి మీద అడ్డంగా కంపెనీ పేరు అచ్చేసింది. దానం చేసినవాడు చెయ్యి పట్టుకుని వదలనట్టు, ఆ పేరు ఎంత తుడిచినా పోలేదు.

"ఇంకొకటుంది," అన్నాడు చివరికి, చెత్తబుట్టలోంచి తీసిస్తున్నట్టు. "పిల్లలు రంగులేసుకునేది. దానికి బుర్ర లేదు. మీరు ఎంత గీస్తే అంతే. ఎవరూ కొనరు."

"చేయి జారితే?"

"ఇదిగో, వెనక్కి బొత్తం. నొక్కితే చేసింది చేయనట్టే."

మాస్టారు ఆ బొత్తం వంక చాలాసేపు చూశారు.

"మా రోజుల్లో ఇది లేదు. ఇదే ఇవ్వండి."

ఆయన మెట్లు దిగుతుంటే వెనక షాపాయన ఇంకెవరితోనో అంటున్నాడు. "టచింగ్ మాస్టారట. బొమ్మలేసుకునేది కొనుక్కుపోతున్నాడు." ఇద్దరూ నవ్వారు.

హాల్లో ఉన్న పాత కంప్యూటర్ ముందు నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. చేయి వణకడం, బొత్తం నొక్కడం, మళ్లీ మొదలుపెట్టడం. భార్య గదిలోంచి వింటూనే ఉంది.

"ఇంకా అందం చాల్లేదా ఆ మహారాణికి?" అని అడిగింది ఒకసారి. మాస్టారు మళ్లీ వెనక్కి బొత్తం నొక్కారు.

అయిదో రోజు పొద్దున అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, మేకుకి తగిలించి, ఆమెని పిలిచారు. రానంది. మళ్లీ పిలిచారు. ఆ పిలుపులో ఏదో తేడా ఉంది. చెంప మీద చెయ్యి అలాగే ఉంచుకుని గుమ్మం దాకా వచ్చి ఆగింది.

కడిగిన ముత్యంలాంటి పెళ్లికూతురి ముఖాన్ని మాస్టారు చేతులారా పాడుచేసి పెట్టారు. ఎడమ చెంప మీద, చెవికి కాస్త ఇవతల, బొటనవేలంత నల్లటి మచ్చ.

భార్య గుమ్మం దాటి వచ్చి, కళ్లజోడు సవరించుకుని, అరచేతి చాటున ఇన్నాళ్లూ దాచుకున్న తన ఎడమ చెంప మీది బొటనవేలంత నల్లటి పుట్టుమచ్చని ఒకసారి తడుముకుని, "మన పెళ్లయిన వారానికే నెగెటివ్ మీద తుడిచేశారు, ఇవాళ్టికి తెచ్చిచ్చారు, పొండి, మీ బాకీ తీరిపోయింది," అంది.