ఆదివారం సాక్ష్యం

"సాక్ష్యం చెప్పేవాళ్లు ముందుకు రండి" అని పాస్టరుగారు పిలవగానే ఆరోన్ లేచి మైకు అందుకున్నాడు.

"మా పాప బోర్లా పడింది. దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం!" వారమంతా హైటెక్ సిటీ ఆఫీసుల్లో గడిపేవాళ్లతో నిండిన ఆ హఫీజ్‌పేట్ మందిరం మారుమోగింది. అతని భార్య దీవెన మాత్రం ఒళ్లోని పాపను పట్టుకుని బిగుసుకుపోయింది. పాప నవ్విన రోజున నువ్వుండలు పంచారు. ఆ తర్వాత ఏడో నెల నిండినా పాప పక్కకైనా ఒత్తిగిల్లలేదు.

"బోర్లా పడితే బొబ్బట్లు పంచాలమ్మా. వచ్చే ఆదివారం మర్చిపోకు" అంది వెనక వరసలోని పెద్దావిడ.

కారెక్కి తలుపేసుకోగానే దీవెన విరుచుకుపడింది. "దేవుడి ముందు నిలబడి అబద్ధమా? ఇక వీళ్లందరికీ మొహం ఎలా చూపించను?"

ఆరోన్ కారు స్టార్ట్ చేయలేదు.

"శుక్రవారం ఆఫీసులో ఉండగా డాక్టర్ ఫోన్ చేశాడు. స్కాన్ రిపోర్టు వచ్చిందట. పాప తనంతట తాను ఎప్పటికీ బోర్లా పడలేకపోవచ్చన్నాడు."

దీవెన ఒళ్లోని పాప వైపు చూసింది.

"నీకు చెప్పాక మనింట్లో స్తోత్రం అనే మాట ఇక వినపడదేమోనని భయమేసింది. పాప కోసం అందరూ ఒక్కసారైనా ఆ మాట అంటే వినాలనిపించింది."

ఆమె పాపను మెల్లగా తిప్పి, తన గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకుంది.

"దారిలో కొట్టు దగ్గర ఆపు. శనగపప్పు, బెల్లం తీసుకోవాలి."