కదిలితేనే వెలుగు

పక్షవాతంతో గవర్రాజు మంచం పట్టాక ఆ ఇంటి బల్బు అతన్ని మనిషిగా లెక్కేయడం మానేసింది. ఊరంతా ఇప్పుడు ఈ పొదుపు బల్బులే. స్విచ్చులుండవు, మనిషి కదిలితేనే వెలుగుతాయి. గవర్రాజుకి ఆడేవి కనురెప్పలు మాత్రమే. అంత చిన్న కదలిక దాని కంటికి ఆనదు. కిటికీ లేని గది, అతనికేమో చీకటంటే భయం. అందుకే అతని భార్య కనకరత్నం మంచం పక్కన కూర్చుని పొద్దస్తమానం చెయ్యి ఊపుతూనే ఉంటుంది.

పక్కింటి మంగతాయారు చూడలేకపోయింది. "చేతులు పడిపోతాయి వదినా. తలకాడ నూనెదీపం ఎట్టుకోరాదా?"

"పేణం పోయినోళ్ల తలకాడ ఎడతారు దీపం. ఈయన బతికే ఉన్నారు" అంటూ కనకరత్నం చెయ్యి మార్చింది.

మంగతాయారు వెళ్లిన కాసేపటికి ఆ చెయ్యీ ఒళ్లో వాలిపోయింది. "ఒక్క నిమిషం ఓర్చుకోండి, ఇక్కడే ఉన్నాను" అని కనకరత్నం అతని చెంపకు చెంప ఆనించింది.

గదిలో మనుషులెవరూ లేరనుకుని బల్బు ఆరిపోయింది.