నీడల ముందు సున్నుండలు

జనం ప్రయాణాలు మానుకుని, అచ్చం తమలాగే కనబడుతూ మాట్లాడే నీడలను పరాయి దేశాలకు పంపుతున్న రోజులవి. ఉప్పాడ పెద్దలు మాత్రం సముద్రం మింగేసిన వీధుల గోడు నీడ చేత చెప్పించడానికి ఒప్పుకోలేదు. అందుకే అంతర్జాతీయ యువజన రాజకీయ సదస్సుకు నూకరత్నం స్వయంగా నైరోబీ వెళ్లింది.

హాలులో ఏ కుర్చీలో చూసినా నీడే. నూకరత్నం వాళ్లమ్మ అక్కడికొచ్చే పిల్లలందరికీ అని డబ్బా నిండా సున్నుండలు కట్టి పంపింది. రత్నం ఫోన్ చేసి సంగతి చెబితే ఆవిడ కసిరింది.

"నీడలైతే మాత్రం ఏంటే? ఎదురుగా కూర్చున్నోళ్లకి పెట్టకుండా నువ్వొక్కదానివే తింటావా?"

రత్నం సిగ్గుపడుతూనే ఒక్కొక్కరి ముందూ ఒక్కో ఉండ పెట్టింది. నీడలు మర్యాదగా ధన్యవాదాలు చెప్పాయి. తర్వాత ఆమె ప్రసంగానికి కూడా అంతే మర్యాదగా చప్పట్లు కొట్టాయి. ఊరు పోయిందని విన్నా ఒక్క మొహమూ మారలేదు. రత్నం గదికి వెళ్లి ఏడ్చింది.

మర్నాడు హాలు గుమ్మం దగ్గర, నలిగిన బట్టలతో, భుజాన సంచితో ఒకమ్మాయి నిలబడి ఉంది. మొంబాసా నుంచి వచ్చిందట, పేరు రెహేమా.

"నా ముందు తినేదేదో పెట్టావని నా నీడ చెప్పింది. రుచి ఎలా ఉందంటే దానికి తెలియలేదు. అందుకే రైలెక్కాను."

రత్నం ఉండ తెచ్చి చేతిలో పెట్టింది. రెహేమా సగం కొరికి, నములుతూనే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"మాదీ సముద్రం ఒడ్డే. ఇప్పుడు చెప్పు, మీ ఊరికి ఏమైంది?"