బాగున్న కాలు

"అమ్మా, మీ ఆయన కాలు చల్లబడుతోంది."

ఎముకల వార్డులో ఆ మాటన్నవాడు డాక్టరు కాదు. పక్క మంచం రోగికి పెట్టుడు కాలు చెయ్యడానికి కొలతలు తీసుకునేందుకు వచ్చినవాడు. మెడలో టేపు వేలాడుతోంది. వెళ్తూ వెళ్తూ, ఈ మంచం మీద దుప్పట్లోంచి బయటికొచ్చిన పాదం మీద చెయ్యి వేసి చూశాడు.

ఆవిడ భగ్గుమంది. మంచాన ఉన్న మనిషిని పట్టుకుని చల్లబడటమేమిటి!

"నీ నోట్లో మన్ను పడ! చల్లబడేది నువ్వు, నీ ఇంటిల్లిపాదీ!"

"అయ్యో, ఆ అర్థంలో కాదమ్మా. ఎడమకాలు ముట్టుకుని చూడండి. వేళ్ళు నీలంగా..."

"మా ఆయనకి విరిగింది కుడికాలు. కళ్ళు పోయాయా?"

"అందుకే చెప్తున్నా. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద సూది వేస్తున్నారు కదా, అది కొందరికి పడదు. సిస్టర్‌తో ఒక్క మాట..."

"తెలిసిందిలే నీ బేరం! అక్కడో కాలు కొలిచావు, ఇక్కడో కాలు కావాలి. నడు!"

తలుపు దాకా తరిమింది. ఒక్కరూ అడ్డుపడలేదు. కొలతలవాడు గుమ్మం తొక్కితే ఆ వార్డులో ఎవరికీ గిట్టదు.

సాయంత్రం భర్త మూలిగాడు.

"ఏమేవ్, ఎడమకాలు తిమ్మిరెక్కిపోతోందే. అతనన్నది సిస్టర్‌కి చెప్పరాదూ?"

"చెప్తే వాడి నోటికి జడిసినట్టు. ఊరుకోండి!"

వేళ్ళ రంగు ఆవిడా చూసింది. చూసి, దుప్పటి కిందికి లాగింది. అంత పౌరుషం!

మర్నాటికి పాదం నల్లబడింది.

"గడ్డకట్టకుండా వేసిన సూదే ఎదురుతిరిగి రక్తనాళాల్లో గడ్డలు కట్టించింది. చాలా అరుదు," అన్నాడు డాక్టరు. "నిన్ననే చెప్పుంటే సూది ఆపి, కాలు దక్కించడానికి చూసేవాళ్ళం."

ఆ డాక్టరు మాత్రం? రోజూ వచ్చి కుడికాలే చూసి వెళ్ళాడు.

విరిగిన కాలు అతుక్కుంది. బాగున్న కాలు పోయింది.

గాయం మానాక భర్తను చక్రాల కుర్చీలో తోసుకుంటూ కొలతలవాడి కొట్టుకే వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ గుమ్మంలోంచే అందుకుంది.

"ఇప్పుడు నీ కళ్ళు చల్లబడ్డాయా? నీ పాడు నోరే కదా మా కొంప ముంచింది!"

అతడు టేపు తీసుకుని కుర్చీ ముందు కూర్చోబోయాడు. ఒక మోకాలు వంగింది, రెండోది వంగలేదు. పంట్లాం పైకి జరిగి, తన కోసం తనే చేసుకున్న కాలు బయటపడింది.

"నాకూ అదే సూది వేశారమ్మా," అన్నాడు మెల్లగా. "చెప్పేవాళ్ళే లేకపోయారు."