నాలుగు తెల్ల కణాలు

ఫిల్మ్‌నగర్ బ్లడ్ బ్యాంకులో దొంగ దొరికింది. పట్టుకున్నది సూపర్‌వైజర్ త్రినాథరావు. దొరికింది కొత్త టెక్నీషియన్ ఫిలోమినా. నేరం, పని దొంగతనం.

హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. అక్కడ శిబిరాలు పెట్టి తెచ్చిన రక్తాన్ని తెల్ల కణాలు పోయేలా వడగడతారు. అవి ఎక్కువగా మిగిలితే రక్తం ఎక్కించుకున్న మనిషికి చలీ జ్వరమూ. అందుకని వారానికి నాలుగు సంచుల్లోంచి చుక్క తీసి, ఎన్ని మిగిలాయో మైక్రోస్కోపులో లెక్కపెట్టాలి. ముందు టెక్నీషియన్, తర్వాత సూపర్‌వైజర్. రిజిస్టర్‌లో ఎవరి గడి వాళ్లది.

మూడు వారాలుగా ఫిలోమినా గడిలో ఒకటే మాట, 'కనిపించలేదు'. త్రినాథరావు గడిలో మాత్రం ముత్యాల్లాంటి అంకెలు. 4, 3, 5, 4.

రిజిస్టర్ చంకన పెట్టుకుని ఆయన డైరెక్టర్ శారదాదేవి గదిలోకి నడిచాడు. వెనకే కళ్లు తుడుచుకుంటూ ఫిలోమినా. ఈ ఉద్యోగం పోతే ఆ పిల్ల మళ్లీ కాకినాడ రైలెక్కాల్సిందే.

"మొదట్లో బాగానే రాసేది మేడం. పోయిన నెల మన ల్యాబులో సినిమా షూటింగ్ జరిగింది చూడండి, ఆ రోజు నుంచీ గాల్లో తేలుతోంది, చూడకుండానే రాసేస్తోంది" అన్నాడు త్రినాథరావు.

"కాదండీ. తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనపడట్లేదు. లెక్క కోసం గాజుపలక మీద గీసి ఉండే గళ్లు కూడా కనపడట్లేదు! సార్‌కి కనపడుతున్నాయంటే లోపం నా కళ్లదే అనుకుని కళ్లజోడు కూడా మార్పించాను."

"నిన్న నాకు నాలుగు కనిపించాయే! రంగు పట్టి నీలంగా నిగనిగలాడుతున్నాయి. నాలుగోది మూలన నక్కితే వెతికి మరీ పట్టుకున్నాను. ఇరవై రెండేళ్ల అనుభవం మేడం, మాటలా!"

శారదాదేవికి ఆ పిల్లను చూస్తే జాలేసింది. కానీ రక్తం దగ్గర జాలి పనికిరాదు. నిట్టూర్చి మెమో కాగితం ముందుకు లాక్కుంది.

అంతలో తలుపు తోసుకుని పోచయ్య వచ్చాడు. ఆ షూటింగ్‌కి సెట్ సామాన్లు చూసుకున్న మనిషి. చేతిలో అట్టపెట్టె.

"మేడం, జర మాఫ్ చెయ్యుర్రి. షూటింగ్ నాడు సామాన్ సర్దుకునేటప్పుడు మావోళ్లు అదలుబదలు చేసిండ్రు. మీ మైక్రోస్కోపు మా గోదాంల ఉన్నది. గిదిగో, తెచ్చిన. మాది మాకు ఇప్పియ్యుర్రి."

త్రినాథరావుకి చిరాకేసింది. "ఏదైతే ఏంటయ్యా! రెండూ మైక్రోస్కోపులేగా? మూడు వారాల నుంచీ నేను దాంట్లోనే చూసి లెక్కపెడుతున్నాను."

పోచయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"దాంట్లనా సార్? అది చెక్కతోని చేసిన సెట్టు సామాను. హీరోయిన్ మొఖం మీద వెలుగు పడాలని ఒక బల్బు పెట్టినం గంతే, లోపల ఒక్క అద్దం గూడ లేదు!"